నాలుగు లెక్కపెట్టేదాకా

మా పాట సారు చనిపోయాడన్న కబురు పోయిన గురువారం పొద్దున వచ్చింది. అప్పుడు నేను ఒక విల్లాలో నిచ్చెన మీద నిలబడి స్ప్లిట్ ఏసీ మూత విప్పుతున్నాను. ఫోన్ చేసింది పియానో మేడమ్. సౌదీలోని ఖోబర్‌లో, అజీజియా వైపు, మేం మెయింటెనెన్స్ చేసే విదేశీయుల కాంపౌండ్‌లో ఆమె టీచరు. సారు పాడిస్తుంటే పియానో ఆమే వాయించేది. సారు తన దేశంలో, ముసలివాళ్లను ఉంచే ఒక హోంలో పోయాడట. బాధపడ్డాడా అని అడిగాను.

"ముందురోజు కూడా నర్సును తిట్టాడట. పక్క సర్దుతూ ఆమె ఏదో కూనిరాగం తీసింది. శ్రుతిలో పాడు, లేకపోతే తలుపేసి పో అన్నాడట."

నిచ్చెన మీదే నవ్వాను. ఆ తర్వాత ఫిల్టర్ కడుగుతుంటే కోపం వచ్చింది. ఇప్పటికీ తగ్గలేదు. పోయినవాళ్ల గురించి మంచే రాయాలని అంటారు. నేను పదో తరగతి తప్పి వచ్చినవాణ్ణి. ఇంగ్లీషు ఏసీ పుస్తకాల్లో నేర్చుకున్నాను, తెలుగు రాయడం ఫోన్‌లో చదివి చదివి పట్టుకున్నాను. మర్యాదగా దాచి రాయడం నాకెవరూ నేర్పలేదు. ఆయన మంచివాడు కాదు. నాకు పాట నేర్పింది ఆయనే. చదివేవాళ్లు ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

ఆయనది వేల్స్. ఇంగ్లాండా అని ఎవరైనా అడిగితే మనిషి ఎర్రబడిపోయేవాడు. బొగ్గుగనుల ఊరు. తండ్రి గని మనిషి. ఆ ఊళ్లో మగవాళ్లు గనిలోంచి పైకొచ్చి, ఒంటికి పట్టిన మసి కడుక్కుని, ప్రార్థన మందిరంలో వరసలుగా నిలబడి పాడేవాళ్లట. గీతల మీద చుక్కలు పెట్టి రాసే సంగీతం పుస్తకాలు వాళ్లు కొనలేరు. అందుకని డో రే మీలను ఉత్త అక్షరాలుగా రాసుకుని నేర్చుకునేవాళ్లు. సారు పాతికేళ్లు నిండకముందే అలా పాడే వందమందికి ఎదురుగా నిలబడి చేయి ఊపాడు. ఆ వందమందిలో వాళ్ల నాన్న కూడా ఉండేవాడు.

"ఒకరోజు మా నాన్న ఆలస్యంగా వచ్చాడు. అందరి ముందూ బయటికి పంపాను," అని మాకు చెప్పాడు. "మళ్లీ ఎప్పుడూ రాలేదు." ఈ మాట ఆయన ఏదో పోటీలో గెలిచిన సంగతి చెప్పినట్టు చెప్పాడు.

పోటీలు కూడా గెలిచాడు. పాటలు కట్టాడు, అచ్చయ్యాయి. పెద్ద పట్నాల్లో పెద్ద హాళ్లలో పాడించాడు, పోటీలకు జడ్జీగా కూర్చున్నాడు. తర్వాత గనులు మూసేశారు. మనుషులు తలో దిక్కుకు పోయారు. బృందంలో మిగిలినవాళ్లకంటే టీ కప్పులే ఎక్కువున్నాయట. ఉన్నవాళ్లతోనూ ఈయన తగువు పెట్టుకున్నాడు, భార్య వెళ్లిపోయింది. చివరికి ఖోబర్‌లో విదేశీయుల పిల్లలకు పాటలు నేర్పే ఉద్యోగానికి వచ్చి, ఇక్కడే ముసలివాడయ్యాడు. అచ్చయిన పాటల పుస్తకాలు ఆయన విల్లాలో షూ పెట్టుకునే బీరువాలో ఉండేవి. ఒకసారి ఏసీలో గ్యాస్ నింపడానికి వెళ్తే తలుపు తీసి చూపించాడు. "ఇదంతా నేనే," అన్నాడు. నేను చూసేలోపే మూసేశాడు.

మా పరిచయం కూడా తిట్టుతోనే మొదలైంది. కాంపౌండ్ హాల్లో ఆయన తెల్లవాళ్లతో పాడిస్తున్నాడు. ఏసీ గీపెడుతోందని నన్ను పిలిపించారు. ఆయన నావైపు వేలు చూపించి, "ఆ మెషిన్ రెండు స్వరాల మధ్య ఏడుస్తోంది. చంపెయ్," అన్నాడు. ఫ్యాన్ బేరింగ్ పోయింది సార్ అన్నాను. "ఏ స్వరం?" అన్నాడు. వెటకారం. నాకు ఒళ్లుమండి, ఆ చప్పుడు ఎలా ఉందో అలాగే నోటితో పట్టి నిలబెట్టాను. ఆయన పియానో దగ్గరికి వెళ్లి ఒక మెట్టు నొక్కాడు, దాని పక్కది నొక్కాడు. నా గొంతు సరిగ్గా ఆ రెండింటి మధ్యనే ఉంది.

"మంచి చెవి," అన్నాడు. "స్క్రూడ్రైవర్ పట్టుకునేవాడికి దండగ."

ఆ వారమే మా క్వార్టర్లకు కబురు పెట్టాడు. ఆయన దగ్గర ఆడగొంతులు చాలా ఉన్నాయి, మగగొంతులు నాలుగే. బరువైన గొంతులు కావాలి. మేం ఎనిమిదిమందిమి పోయాం. అందరం జగిత్యాల, నిజామాబాద్ వైపువాళ్లం. హాల్లోకి మమ్మల్ని రానివ్వలేదు కాబట్టి శుక్రవారం మధ్యాహ్నాలు పంపు గదిలో పాడేవాళ్లం. నిజం చెప్పాలంటే పాట మీద ప్రేమతో ఎవడూ పోలేదు. పంపు గది చల్లగా ఉంటుంది. సారు టీ, బిస్కెట్లు తెచ్చేవాడు.

ఆ గది తాళం మా ప్లంబర్ కాక దగ్గర ఉండేది. వరసకు నాకు ఏమీ కాడు, వయసును బట్టి అందరం కాక అనేవాళ్లం. ఇరవై ఏళ్ల పైనుంచి సౌదీలో పైపులు బిగిస్తున్నాడు. ఊళ్లో ఉన్నప్పుడు భజన బృందంలో ముందు పాడేవాడు. కాక గొంతు కింది స్వరానికి దిగితే పెద్ద మోటార్ ఎత్తుకునేటప్పుడు నేల అదిరినట్టు ఉండేది. మొదటిరోజే సారు కాక ముందు ఆగిపోయి, ఆయన ఛాతీ మీద అరచేయి పెట్టి, ఇంకోసారి పాడు అనడానికి తెలుగులో ఏమనాలో నన్నడిగాడు. "మల్ల" అని చెప్పాను. ఆ రోజునుంచి ఆయనకు వచ్చిన తెలుగు అదొక్కటే. "మల్ల! మల్ల! మల్ల!" మనవాళ్లు ఆయనకు మల్ల సారు అని పేరు పెట్టారు.

చేతి గుర్తులతో నేర్పేవాడు. గుప్పిట మూసి నడుం దగ్గర పెడితే డో. అరచేయి అడ్డంగా చాపితే మీ. బొటనవేలు కిందికి దించితే ఫా. భాషతో పనిలేదు. నేను అట్టపెట్టెలు చింపి, వాటిమీద మార్కర్‌తో డ, ర, మ అని తెలుగు అక్షరాలు రాసి అందరికీ పంచాను. సారు ఒక అట్టముక్క తీసుకుని చాలాసేపు చూశాడు. పొగుడుతాడేమో అనుకున్నాను. "మూడో వరసలో తప్పు రాశావు," అన్నాడు. నిజంగానే తప్పు. అయినా ఆ అట్టముక్క నాకు తిరిగివ్వలేదు, జేబులో పెట్టుకుపోయాడు.

"ఏందిరా బిడ్డ, గీ ముసలోడు మనల్ని బడిపోరగాళ్ల లెక్క తిడుతుండు," అనేవాడు కాక.

"నువ్వు తాళం ఇయ్యకు కాకా, పీడ పోతది."

"అట్లనకు. నా గొంతు ఇన్నేండ్లల్ల ఎవడడిగిండు? టాయిలెట్ జామైందని పిలిచినోళ్లే గాని."

సారు మామూలుగా ఇంగ్లీషులో తిట్టేవాడు. కోపం ముదిరితే తన సొంత భాషలోకి దిగేవాడు. అది వినిపిస్తే అందరం అట్టముక్కల్లోకి తలలు దించుకునేవాళ్లం. "మనకు బూతులు తెలుగులనే వస్తయి గద, ఆయనకూ గంతే," అని కాక గుసగుసగా అంటే నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్లం.

ఇక ఆ పాట సంగతి. సారు ఊళ్లో, ఆయన చిన్నప్పుడు, గని కూలింది. ఊరంతా గని నోటి దగ్గర నిలబడింది. పైనుంచి పేర్లు పెట్టి పిలిచి, ఆగి, చెవులు రిక్కించి వినేవాళ్లట. కింద ఆయన మేనమామ ఉన్నాడు. ముప్పయ్యో ఏట సారు దానిమీద పాట కట్టాడు. మగగొంతులు పిలుస్తాయి. ఆ తర్వాత నాలుగు లెక్కపెట్టేదాకా ఎవరూ ఊపిరి కూడా చప్పుడు కానివ్వకూడదు. ఆ తర్వాతే ఆడగొంతులు ఎత్తుకోవాలి. తన దేశంలో ఎన్నిసార్లు పాడించినా, ప్రతిసారీ ఎవడో ఒకడు ఆ నాలుగింటి మధ్య కదిలాడట, దగ్గాడట, ముందే ఎత్తుకున్నాడట. ఇప్పుడు వయసైపోయిందని స్కూలువాళ్లు ఫైనల్ ఎగ్జిట్ ఇచ్చి సొంత దేశానికి పంపేస్తున్నారు. వెళ్లేలోపు కాంపౌండ్ హాల్లో జరిగే ప్రోగ్రాంలో, తెల్లవాళ్ల వెనక మమ్మల్నీ నిలబెట్టి, ఆ పాట ఒక్కసారి తప్పు లేకుండా వినాలి. ఆయనకు ఇంకే కోరికా లేదు. మాకూ చెప్పాడు. "నాకింకో బృందం దొరకదు. మీరే ఆఖరు," అన్నాడు. అలా అన్నప్పుడు ఆయన ముఖం చూసి ఎనిమిదిమందిమీ సరే అన్నాం.

కానీ మాకు ఆ నాలుగూ చేతకాలేదు. మన దగ్గర భజన ఎలా ఉంటుందో తెలిసిందే. ముందు పాడేవాడు వరస పాడి ఆపుతాడు, గుంపు అందుకుంటుంది. వాడు ఆపడమే మనకు సైగ. సారు చేయి ఆగగానే మా నోళ్లు వాటంతట అవే తెరుచుకుని, చివరి మాటను మళ్లీ పాడేసేవి. రెండు నెలలు పట్టింది ఏడుగురికి నోరు కట్టేసుకోవడానికి. కాకకు మాత్రం కుదరలేదు. నాలుగో లెక్కకు ముందే ఆ మోటార్ గొంతు లోపలినుంచి లేచేది. సారు అట్టలు విసిరేవాడు. "మేకా నువ్వు? మేకకైనా ఇన్నిసార్లు చెబితే తెలుస్తుంది," అనేవాడు. దాన్ని నేను తెలుగులోకి మార్చలేదు. కాక మాత్రం, "మేక అన్నడా?" అని నన్నే అడిగాడు.

ప్రోగ్రాంకు పదిరోజులుందనగా ఒక శుక్రవారం సారు పాట ఆపి, "ఎందుకు పలుకుతున్నాడో అడుగు. కారణం కావాలి," అన్నాడు.

అడిగాను. కాక పంపు మీద చేయి పెట్టి నిలబడ్డాడు.

"గా యాన్బు పట్నంల పనిజేస్తున్నప్పుడు ఒక ట్యాంకు కడిగేటందుకు మా పక్కూరి పిలగాడు లోపల్కి దిగిండురా. నేను పైన తాడు పట్టుకొని ఉన్న. లోపల గ్యాసు ఉన్నదని ఎవడు జెప్పలే. పేరు వెట్టి పిలిచిన. పలుకలే. మల్ల పిలిచిన. పలుకలే. గప్పటిసంది ఎవడన్న పిలిచి ఆగితే నాతోని కాదు బిడ్డా. పలుకకుంటే ఆ పిలిచినోడు ఏంగావాలె?"

మిగతా ఆరుగురూ నేల చూస్తున్నారు.

"ఏమన్నాడు?" అన్నాడు సారు.

ఇక్కడ నేను చేసింది రాయాలి. నాకు ఆ హాల్లో నిలబడాలని ఉంది. తెల్లచొక్కా వేసుకుని, రోజూ నేను నిచ్చెన మోసుకుంటూ దొడ్డిదారిన వెళ్లే హాల్లో, అందరూ కుర్చీల్లో కూర్చుని నావైపు చూస్తుంటే పాడాలి. ఈ కథ చెబితే సారు ఏంచేస్తాడో తెలియదు. పాట ఆపేయవచ్చు, మార్చవచ్చు. పదిరోజులే ఉంది. పోయినవాడు ఎట్లాగూ పోయాడు, ఈ ముసలాయన మా పాట చెడగొడుతున్నాడు అని కాక మీదే కోపం వచ్చింది నాకు.

"అలవాటట సార్. ప్రయత్నిస్తానంటున్నాడు," అన్నాను.

కాకకు అంత ఇంగ్లీషు రాదు. నేను మొత్తం చెప్పాననుకున్నాడు. సారు ముఖంలోకి ఆశగా చూశాడు. సారు చేయి ఎత్తి, "మల్ల!" అన్నాడు. పాడాం. నాలుగు రాకముందే కాక పలికాడు.

సారు అరవలేదు. తలుపు చూపించి, "ఖలాస్," అన్నాడు.

దానికి అనువాదం అక్కర్లేదు. కాక అట్టముక్కను పంపు మీద పెట్టి బయటికి నడిచాడు. పోయినవాడు పోయినట్టు ఉండటానికి కూడా లేదు, తాళం వేయాల్సింది ఆయనే. మేం పాడుతున్నంతసేపూ ఎండలో బకెట్ బోర్లించుకుని కూర్చున్నాడు. అయిపోయి బయటికొచ్చాక సారు ఆయన ముందునుంచే, చూడకుండా వెళ్లిపోయాడు. కాక లేచి తాళం వేశాడు.

"గింత చెప్పిన గూడ పొమ్మన్నడారా," అన్నాడు నాతో. "గట్టి మనిషి."

అప్పుడైనా చెప్పలేదు నేను.

ప్రోగ్రాం రోజు సాయంత్రం ఏడుగురం వెనక వరసలో నిలబడ్డాం. సరిగ్గా అప్పుడే హాల్ వెనక బాత్రూంలో ఫ్లష్ లీకవుతోందని సూపర్‌వైజర్ కాకను పంపాడు. స్టేజీకీ బాత్రూంకూ మధ్య ఒక గోడే. మేం పాడాం. పిలిచాం. సారు చేయి గాల్లో ఆగింది. ఒకటి. రెండు. నా చెవులు గోడ వైపే ఉన్నాయి, అవతలినుంచి కాక పలుకుతాడేమోనని. మూడు. సారు కళ్లు మూసుకున్నాడు. నాలుగు. ఆడగొంతులు లేచాయి.

ఒక్క తప్పు లేదు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. సారు వాళ్లవైపు తిరగనేలేదు. కాగితాలు సర్దుకుంటుంటే దగ్గరికి వెళ్లాను.

"తప్పు లేదు కదా సార్?"

"లేదు," అన్నాడు. "నలభై ఏళ్లు ఎదురుచూశాను. నీళ్ల చారులా ఉంది. అడుగు లేదు." అడుగు అంటే కింది స్వరం. తీసేసింది ఆయనే. ఆ మాట మొహం మీద అనాలనిపించింది. కాక మాట దాచి, ఆయనకంటే ముందు కాకను బయటికి పంపింది నేనేనని గుర్తొచ్చి ఊరుకున్నాను.

వెనక్కి వెళ్తే కాక రెంచీ తుడుచుకుంటున్నాడు. చొక్కా ముందంతా తడిసిపోయింది.

"ఇన్నవారా? పలుకలే నేను," అన్నాడు. "నోట్లె గుడ్డ వెట్టుకున్న. సారుకు జెప్పు, పలుకలేదని."

చెప్పలేదు. ఆ తర్వాత కొన్ని నెలలకు మా కంపెనీ కాకను రియాద్‌కు, సులైలో గోడౌన్ల పనికి మార్చింది. సారు వెళ్లే రోజు ఆయన సూట్‌కేసులు కిందికి దించింది నేనే. కారు బయట నిలబడి ఉంది. అప్పుడు చెప్పాను. ట్యాంకు, తాడు, పేరు పెట్టి పిలవడం, గోడ వెనక నోట్లో గుడ్డ, అన్నీ. ఎందుకు అప్పుడే చెప్పానంటే, ఇక ఆయన ఏమీ చేయలేడని.

సారు సూట్‌కేసు మీద కూర్చున్నాడు. కాక మాటలు మళ్లీ చెప్పమన్నాడు. చెప్పాను. మళ్లీ చెప్పమన్నాడు. మూడోసారి ఒక కవరు వెనక రాసుకున్నాడు.

"అతనెక్కడున్నాడు?"

"రియాద్‌లో సార్. ఇక్కడినుంచి నాలుగు గంటలు."

డ్రైవర్ హారన్ కొట్టాడు. సారు లేచాడు. "పాట మార్చడం నా పని," అన్నాడు. "మాట మోయడం నీ పని. నేను నా పని ఎప్పుడూ ఎగ్గొట్టలేదు." చేయి కలపలేదు. కారు ఎక్కి వెళ్లిపోయాడు.

ఆయన నాతో అన్న ఆఖరి మాట అది. అప్పటినుంచి ఆయనతో మనసులో తగువాడుతూనే ఉన్నాను. నేను మాట దాచాను, ఒప్పుకుంటాను. కానీ ఆ రోజు కాక కళ్లనిండా నీళ్లున్నాయి. అవి చూడటానికి నా ఇంగ్లీషు కావాలా? బేరింగ్ చప్పుడులో సగం స్వరం పట్టుకున్న మనిషికి, ఒక ముసలివాడి గొంతు ఎందుకు వణుకుతోందో వినపడలేదా? వినపడింది. పాట కోసం తోసేశాడు, తండ్రిని తోసినట్టే. నేను హాలు కోసం తోశాను. ఇద్దరిలో ఆయనకు నాకంటే మంచి పాట ఉంది, అంతే తేడా.

అయినా ఇదీ రాయాలి. ఇవాళ నేను ఏ కంప్రెసర్ దగ్గర నిలబడినా దాని స్వరం తెలుస్తుంది. క్వార్టర్లలో వంటగిన్నెల చప్పుడులో కూడా డో ఎక్కడుందో వెతుక్కుంటాను. ఏదైనా పని అయిపోయిందనుకున్నప్పుడు "మల్ల" అని వినిపించి ఇంకోసారి బిగించి చూస్తాను. నన్ను పనివాడిగా కాకుండా పాడేవాడిగా తిట్టిన మనిషి ఈ దేశంలో ఆయనొక్కడే.

గురువారం ఫోన్ పెట్టేసేముందు పియానో మేడమ్ ఒక ఫోటో పంపుతానంది. ఆయన మంచం పక్కన దొరికిన కాగితాల్లో పైది. ఆ పాటే. నాలుగు లెక్కలు ఖాళీగా ఉండాల్సిన చోట పెన్సిల్‌తో ఒక స్వరం రాశాడు, అన్నింటికన్నా కిందిది, నాలుగు లెక్కలూ సాగేలా. పక్కన చిన్న అక్షరాలు: "ఒక్కడే. ముసలివాడు. తొందరపెట్టవద్దు." దానికింద ఇంకో వరస: "ఏసీవాడు ఇక్కడ నోరు మూసుకోవాలి."

శుక్రవారం బస్సెక్కి సులై పోయాను. గోడౌన్ల వెనక క్యాంపులో కాక బట్టలు ఆరేసుకుంటున్నాడు. సన్నబడ్డాడు. సారు పోయాడని చెప్పాను.

"అయ్యో," అన్నాడు. "తిట్టుకుంటనే పోయిండా?"

"తిట్టుకుంటనే."

"మంచిగైంది. మంచంల పడి తీసుకుంట పోలేదన్నట్టు."

అప్పుడు నేను దాచిన మాట కూడా చెప్పేశాను, ఆ రోజు సారుకు ఏంచెప్పానో. తిడతాడని, కొడతాడని చూశాను. కాక లుంగీ పిండుతూ పిండుతూ ఆగాడు. మళ్లీ పిండాడు, నీళ్లు రాకపోయినా.

"అంటే ఆయనకు తెల్వకుండనే పొమ్మన్నడా?"

"ఆ."

"ఇన్నొద్దులు నేను, తెలిసి గూడ పొమ్మన్నడనుకున్న." లుంగీ దులిపి తీగ మీద వేశాడు. "నువ్వు మంచోనివి కాదురా."

ఫోన్ తీసి ఫోటో చూపించాను. సారు పాట మార్చాడని, కాక కోసం చోటు పెట్టాడని చెప్పాను. పాడతావా కాకా, నేను రికార్డు చేసి మేడమ్‌కు పంపుతానన్నాను.

"పాడ."

"ఒక్కసారి."

"పాడనంటే పాడ. గా దినం నోట్లె వెట్టుకున్న గుడ్డ, గిప్పుడు నువ్వొచ్చి గుంజుతవా?"

కాక తడిచేతులు బనీనుకు తుడుచుకుని ఫోన్ తీసుకున్నాడు. చూపు ఆనక దూరంగా పట్టుకుని, కళ్లు చికిలించి, ఆ కాగితాన్ని పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఇందుల నేను యాడున్న?"

వేలుతో చూపించాను. కాక బొటనవేలు అక్కడ ఆనించాడు. వేలు తగలగానే ఫోటో పక్కకు జరిగిపోయింది. తెర మీద ఉత్త తెల్లకాగితం అంచు మిగిలింది. కాక గమనించలేదు. అక్కడే వేలు పెట్టి, ఒత్తకుండా, మెల్లగా అలాగే పట్టుకున్నాడు.